కప్పపిల్ల సంచిలో ఏముంది?

టికెట్ కొననివాడు కిటికీలోంచి బయటికి మహా శ్రద్ధగా చూస్తాడు. రోజూ చూసే వీధినే, రోజూ చూసే గోడనే, పుట్టి బుద్ధెరిగాక ఇప్పుడే చూస్తున్నట్టు కళ్ళప్పగించి చూస్తాడు. నాయనమ్మకి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. సిటీ బస్సుల్లో ముందు కండక్టరుగా, తర్వాత చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. బస్సెక్కి ఈ చివర్నించి ఆ చివరికి ఒక్క చూపు చూస్తే చాలు, ఎవరి జేబులో టికెట్ ఉందో, ఎవరి జేబు ఖాళీయో తెలిసిపోయేది. డిపోలో అందరూ చెకింగమ్మ అనేవాళ్ళు. ఉద్యోగం దిగిపోయిన రోజున టోపీ, విజిలు, బ్యాడ్జి అప్పజెప్పి వచ్చింది గాని, ఆ చూపు మాత్రం అప్పజెప్పలేదు. పాల ప్యాకెట్టు ఇంటికొస్తే తూకం తగ్గిందేమోనని చేత్తో ఎగరేసి చూసేది. ఫోన్లో ఎవరైనా తియ్యగా పలకరిస్తే, "సరే నాయనా, నీకేం కావాలో ముందు అది చెప్పు" అనేది.

అందుకే ఆ సాయంత్రం ఈత నుంచి బస్సులో తిరిగొస్తూ, పక్కసీట్లో కూర్చున్న మనవరాలు మూసేసిన చెప్పులకొట్టు షట్టరు వంక తదేకంగా చూస్తుంటే నాయనమ్మకి అనుమానమొచ్చింది.

"ఏమే, ఆ షట్టరు మీద సినిమా ఆడుతోందా?"

"ఊఁ? ఏం లేదు."

"ఇవాళ నీళ్ళలో దిగలేదేం?"

"చెవి నొప్పి."

"ఏ చెవి?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "కుడి చెవి" అంది. నొప్పి ఉన్నవాళ్ళు ఏ చెవో ఆలోచించి చెప్పరు. నాయనమ్మ మరేం అడగలేదు. దొంగని పట్టాలంటే ముందు వాడికి మనం నమ్మామనిపించాలి. అదీ ఆవిడ పద్ధతి.

ఆ పిల్లని ఇంట్లో కప్పపిల్ల అంటారు. కాళ్ళు ముడిచి, వెనక్కి ఒక్క తన్ను తన్ని ముందుకు దూకే ఈత ఉంటుందే, బ్రెస్ట్‌స్ట్రోక్ అంటారు, ఆ ఈతలో ఆ వయసు పిల్లల్లో దానికి సాటి లేదు. వాళ్ళ నాన్న గూడ్సు రైలు నడుపుతాడు. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టే వస్తాడు. అమ్మకి బేకరీలో పని. లోకం లేవకముందే లేచి పిండి కలపడానికి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం ఒళ్ళంతా పిండి వాసనతో వచ్చి మంచం మీద వాలిపోతుంది. కాబట్టి పిల్లని కొలనుకి తీసుకెళ్ళడం, గ్యాలరీలో కూర్చుని కాపలా కాయడం, తిరిగి తీసుకురావడం నాయనమ్మ డ్యూటీ. ఆ డ్యూటీని ఆవిడ ఒక్కనాడు ఎగ్గొట్టలేదు.

చెవినొప్పి నాలుగైదు రోజుల్లో తగ్గింది. మళ్ళీ నెలకి ఒళ్ళునొప్పులు. అవి పోయాక అంతా మామూలే. చేపని నీళ్ళలో వదిలినట్టు వదిలితే చాలు, బయటికి రమ్మన్నా రాదు. అంత ఈత పిచ్చి ఉన్న పిల్లకి ఉన్నట్టుండి ఈ రోగాలేమిటి? నాయనమ్మ కళ్ళు ఇంకొంచెం తెరిచింది.

తెరిచాక కనపడనిది లేదు. పిల్ల స్నానాల గదిలోకి వెళ్తే గడియ వేసి ఎంతకీ రాదు. ఈతసంచి ఇదివరకు గుమ్మంలోనే పడేసేది, ఇప్పుడు తన మంచం కింద, గోడవారకి తోసేస్తోంది. ఇవన్నీ ఒక ఎత్తు, కొలను దగ్గర కోచ్ మేడమ్ వ్యవహారం ఒక ఎత్తు. పొట్టి జుట్టు, మెడలో విజిలు, ఎండకి మాడిన ముక్కు. మంచి మనిషే అనుకుంది ఇన్నాళ్ళూ. ఒకరోజు ఆవిడ కప్పపిల్లని పక్కకి పిలిచి, చెవిలో ఏదో చెప్పి, చేతిలో నీలం రంగు జిప్పు పర్సు ఒకటి పెట్టింది. పిల్ల అటూ ఇటూ చూసి దాన్ని తువ్వాలులో చుట్టేసింది. తరువాత ఆ పర్సులోంచే ఓ తెల్ల మాత్ర తీసి, నీళ్ళు తాగి మింగింది. గ్యాలరీలో కూర్చున్న నాయనమ్మ గుక్కెడు టీ నోట్లో పోసుకుని మింగడం మర్చిపోయింది.

ఆ రోజు పిల్ల నీళ్ళలో దిగింది. మెరుపులా ఈదింది.

మాత్ర వేసుకోవడమేమిటి, మెరుపులా ఈదడమేమిటి? నిప్పు లేనిదే పొగ రాదు. ఇంకో నెలలో నగర స్థాయి పోటీలు. పిల్ల గెలిస్తే పేరెవరికి? కోచ్‌కి. నాయనమ్మ ఇంటికెళ్తూ మందుల షాపు దగ్గర ఆగి, మోకాలి పట్టీ బేరమాడుతున్నట్టు బేరమాడుతూ, షాపాయన్ని అడిగింది.

"ఏమయ్యా, ఈ ఆటలాడేవాళ్ళు బలానికి మాత్రలేవో వేసుకుంటారటగా?"

"వేసుకుంటారమ్మా. దొరికిపోతే ఇక అంతే, జన్మలో ఆడనివ్వరు."

"పిల్లలకి కూడా ఇస్తారా?"

"ఇచ్చే ప్రబుద్ధులుంటే ఎందుకివ్వరు?" అన్నాడాయన, తన షాపులో కూర్చుని లోకాన్నంతా తిట్టే అలవాటు కొద్దీ. "అయినా మీకెందుకమ్మా?"

"పేపర్లో చూశాలే."

మోకాలి పట్టీ కొనకుండానే వచ్చేసింది.

కోడల్ని అడిగింది. కోడలు గిన్నెలు తోముతోంది. "ఆ కోచ్ పిల్లకి ఏవో మాత్రలిస్తోంది, నీకు తెలుసా?" అంటే, కోడలి చెయ్యి గిన్నెలో ఆగింది. మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"విటమిన్లేమో అత్తయ్యా."

"ఏమో అంటావేంటమ్మా? కన్నతల్లివి, నీకు తెలియకుండా విటమిన్లేంటి?"

"నేను అడుగుతాన్లెండి. మీ టీ చల్లారిపోతోంది."

టీ తాగి చాలాసేపయింది. కప్పు కడిగి బోర్లించిందీ కోడలే. నాయనమ్మకి అరికాళ్ళలోంచి వేడి ఎక్కింది. అంటే దీనికీ తెలుసన్నమాట! తల్లీ, కోచూ, పిల్లా ముగ్గురూ ఒకటే. గూట్లో ఉన్న గువ్వలన్నీ ఒక్కటై తనొక్కదాన్నీ బయట పెట్టాయి.

ఇక నేరుగా కోచ్‌నే నిలదీసింది. కొలను అంచున పిల్లల ఫోమ్ పలకలు ఏరుతోందావిడ.

"మేడమ్ గారూ, మా పిల్లకి మీరిచ్చిన పర్సులో ఏముందో నేను తెలుసుకోవచ్చా?"

కోచ్ నడుము నిటారుగా చేసుకుని చూసింది. "నేనిచ్చింది కాదమ్మా. ఇక్కడ బెంచీ మీద మర్చిపోతే తీసిచ్చానంతే."

"లోపలేముంది?"

"అది తన విషయం. తనే చెప్పాలి. నేను చెప్పకూడదు."

"పన్నెండేళ్ళ పిల్లకి మాకు తెలియని విషయమేంటి?"

"ఇంట్లో ఎవరికీ తెలియదని కాదు..." కోచ్ ఏదో అనబోయి ఆపేసింది. "మీరు ఇంట్లో ఓసారి మెల్లగా అడిగి చూడండి. మెల్లగా."

ఆ 'మెల్లగా' దగ్గర నాయనమ్మకి ఒళ్ళు మండింది. నేరం చేసినవాళ్ళే పక్కవాళ్ళకి నెమ్మది నేర్పుతారు.

*

పోటీల రోజు ఉదయం కోడలు ఎప్పట్లాగే చీకటితోనే బేకరీకి వెళ్ళింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది. పొట్ట పట్టుకుని కూర్చుని, రొట్టె ముక్క కొరికి పక్కన పెట్టింది. భయమై ఉంటుంది అనుకుంది నాయనమ్మ. పిల్ల పళ్ళు తోముకోవడానికి వెళ్ళగానే ఆవిడ మంచం కింద నుంచి ఈతసంచి లాగి జిప్పు తీసింది.

ఉద్యోగంలో ఉండగా ఆవిడ ఎవరి సంచిలోనూ చెయ్యి పెట్టలేదు. 'టికెట్ చూపించండి' అనేదే తప్ప, తనే తీసి చూసేది కాదు. అది ఆవిడ పెట్టుకున్న నియమం. ఇప్పుడు ఆ నియమం గుర్తొచ్చింది. 'ఇది పరాయివాళ్ళ సంచి కాదుగా' అనుకుంది.

నీలం పర్సు తువ్వాలు మడతల్లో దొరికింది. తీస్తే లోపల తెల్ల మాత్రల అట్ట, ఓ రెండు ప్లాస్టిక్ సంచులు, ఓ నల్లటి లోదుస్తు. అది మామూలుగా లేదు. లోపలివైపు పొరమీద పొర వేసి మందంగా కుట్టి ఉంది. ఆవిడ దాన్ని వేళ్ళతో నొక్కి చూసింది, వెలుతురుకి పట్టి చూసింది. ఇదేమిటి? నీళ్ళలో తేలడానికా? లోపలేదో దూది లాంటిది పెట్టి కుట్టి, పిల్ల బరువు తగ్గేలా చేశారా? మాత్రలు బలానికి, ఇది తేలడానికి. అమ్మ దొంగల్లారా, ఎంతకు తెగించారు!

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. పర్సు నాయనమ్మ చేతిసంచిలోకి వెళ్ళిపోయింది. పిల్ల ఓడిపోతే ఓడిపోనీ, తన బలంతో ఈదనీ. సాయంత్రం కోడలి ముందు, కోచ్ ముందు ఈ పర్సు బల్ల మీద పెట్టి అప్పుడు మాట్లాడతాను. ఇదీ ఆవిడ నిర్ణయం. నిజం చెప్పాలంటే, బస్సులో వెళ్తున్నంతసేపూ ఆవిడ గుండె తేలిగ్గానే ఉంది. పిల్లని కాపాడుతున్నాను అనుకుంది.

పోటీల రోజున కొలను కొలనులా లేదు. గ్యాలరీ నిండా తల్లిదండ్రులు, మైకులో గరగర, ముక్కు మండించే క్లోరిన్ వాసన. ఈతగాళ్ళు దూకే దిమ్మల మీద కొత్తగా అంకెలు వేశారు. కోచ్ అవతలి ఒడ్డున బుడ్డపిల్లల్ని వరసలో నిలబెట్టడానికి తంటాలు పడుతోంది. కప్పపిల్ల సంచి భుజాన వేసుకుని ఆడపిల్లల దుస్తుల గదిలోకి వెళ్ళింది.

వెళ్ళింది, రాలేదు.

బుడ్డపిల్లల పోటీ అయిపోయింది. మగపిల్లలది అయిపోయింది. కప్పపిల్ల జట్టు పిల్లలందరూ టోపీలు పెట్టుకుని, చేతులు తిప్పుకుంటూ పేర్లు పిలిచే బల్ల దగ్గరికి చేరారు. అందులో కప్పపిల్ల లేదు. నాయనమ్మ ఒడిలో చేతిసంచి ఉన్నట్టుండి బరువెక్కింది. లేచి మెట్లు దిగింది.

దుస్తుల గదిలో నేలంతా తడి. చివరి తలుపు బయట పొడుగ్గా ఉన్న ఒక పెద్దపిల్ల నిలబడి, "నా దగ్గర ప్యాడ్ ఒక్కటే ఉంది, కానీ దాంతో నీళ్ళలో దిగలేవు కదా" అని తలుపుతో చెబుతోంది. నాయనమ్మని చూసి పక్కకి తప్పుకుంది. తలుపు కింద నుంచి రెండు పొడి పాదాలు కనిపిస్తున్నాయి.

ఆ పెద్దపిల్ల అన్న మాట నాయనమ్మ చెవిన పడింది గాని, బుర్రలోకి ఇంకా దిగలేదు.

"కప్పా! నేనే. మీ వాళ్ళని పిలుస్తున్నారు, బయటికి రా."

లోపల ముక్కు చీదుతున్న చప్పుడు ఆగిపోయింది. "నేను ఈదను. ఇంటికెళ్ళిపోదాం."

"ఎందుకు ఈదవు?"

"చెవి నొప్పి."

"ఏ చెవి?" అలవాటు కొద్దీ అనేసింది.

 లోపల్నించి సన్నగా గొంతు వచ్చింది. "నా పర్సు పోయింది నాయనమ్మా. నీలంది. రాత్రి నేనే పెట్టుకున్నా. ఎవరో తీసేశారు."

తేలు కుట్టిన దొంగ అరవడు. నాయనమ్మ కూడా అరవలేదు. చేతిసంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"ఆ పర్సు లేకపోతే ఈదలేవా? అంటే ఇన్నాళ్ళూ ఆ మందు మీదేనా నీ ఈత?"

"మందేంటి?"

"నాకు తెలీదనుకోకు. ఆ మాత్రలు, తేలడానికి కుట్టిన ఆ బట్ట..."

లోపల నిశ్శబ్దం. ఎలాంటి నిశ్శబ్దమంటే, బస్సులో అందరి ముందూ ఒకణ్ణి పట్టుకున్నాక, తీరా వాడి చేతిలోంచి సరైన టికెట్ బయటపడినప్పుడు ఉంటుందే, అలాంటిది.

"నువ్వు తీశావా?" అంది పిల్ల. గొంతులో ఏడుపు పోయింది. "నా సంచి నువ్వు చూశావా?"

"కప్పా..."

"నాకు పీరియడ్స్ వచ్చాయి! పొద్దున్నే వచ్చాయి! కాస్ట్యూమ్ కింద అది వేసుకుంటేనే నీళ్ళలో దిగగలను. అది పీల్చుకుంటుంది, బయటికి రానివ్వదు. ప్యాడ్ అయితే నీళ్ళు తాగి ఉబ్బిపోతుంది. మాత్ర నొప్పికి, డాక్టరిచ్చింది. తేలడానికంట!"

నాయనమ్మ తలుపుకి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. అప్పుడు దిగింది బుర్రలోకి, అన్నీ కలిసి ఒక్కసారే దిగాయి. నెల నెలా వచ్చే చెవినొప్పి. గడియ పెట్టిన స్నానాల గది. పొద్దున పిల్ల పొట్ట పట్టుకుని కూర్చోవడం. ఇన్ని కళ్ళేసుకుని చూసింది, అన్నీ చూసింది, ఆ ఒక్కటీ చూడలేకపోయింది. తను ఆడది కానట్టు, తనెప్పుడూ పన్నెండేళ్ళ పిల్ల కానట్టు.

సంచిలోంచి పర్సు తీసి వంగింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి. తలుపు కింద నుంచి లోపలికి తోసింది. చిన్న చెయ్యి వచ్చి చటుక్కున లాక్కుంది.

"ఎప్పట్నించే ఇది?"

"వేసవి సెలవుల ముందు నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేగా అన్నావు! కింది వాటా టైలరు గారమ్మాయి ఈత మానేసినప్పుడు, మంచిపని చేశారు, పెద్దదయ్యాక నలుగురూ దిగే నీళ్ళలో ఈ దూకుళ్ళేంటి అన్నావు. మన కప్పకి కూడా ఆ రోజొస్తే ఈతసంచి నేనే అటకెక్కిస్తానన్నావు. అమ్మ కూడా విన్నది."

నాయనమ్మకి ఆ మాట అన్నట్టు గుర్తులేదు. గుర్తులేదు గాని అనే ఉంటుంది. మాట తీరు అచ్చంగా తనదే.

మైకులో మళ్ళీ పిలుపు వినిపించింది. పిల్ల లోపల హడావిడిగా కదులుతోంది. "నువ్వు ఇక్కణ్ణించి వెళ్ళు" అంది. "నువ్వుంటే నేను బయటికి రాను."

వెళ్ళింది. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చినవాళ్ళని లేన్లకి పంపేస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఆపండి. మా పిల్ల వస్తోంది."

"టైమైపోయిందమ్మా. రాని వాళ్ళని వదిలేసి..."

నాయనమ్మ చెయ్యెత్తింది. ఎంత జోరుమీదున్న బస్సునైనా నడిరోడ్డు మీద ఆపిన చెయ్యి అది. "అందులో పిల్ల తప్పు లేదు, తప్పు నాది. నేను ఒక వస్తువు ఇవ్వడం ఆలస్యం చేశాను. ఒక్క నిమిషం." ఆయన ఆ చేతి వంకా, ఆ మొహం వంకా చూసి, విజిలు నోట్లోంచి తీసేశాడు. అవతల ఒడ్డు నుంచి కోచ్ పరిగెత్తుకుంటూ వచ్చేలోపు కప్పపిల్ల ఎర్రబడ్డ కళ్ళ మీదికి అద్దాలు లాక్కుంటూ వచ్చేసింది. నాయనమ్మ పక్క నుంచే వెళ్ళింది గాని ఆవిడని చూడలేదు.

దూకింది. ఆ పోటీలో కప్పపిల్ల నాలుగోదిగా వచ్చింది. ఎప్పుడూ ఒకటో రెండో వచ్చే పిల్ల. ఒడ్డు అంచు పట్టుకుని పైకెక్కి, నిలబడగానే మెడ తిప్పి తన వెనక ఒక్కసారి చూసుకుంది. నేల మీద, కాళ్ళ మీద. ఏమీ లేదు, ఉత్త నీళ్ళే. అప్పుడు ఊపిరి పీల్చుకుంది. కోచ్ వచ్చి తువ్వాలు కప్పింది.

గ్యాలరీలో ఉన్న అంతమందిలో ఆ చూపుని చూసింది నాయనమ్మ ఒక్కతే. ఆ చూపు ఆవిడకి తెలుసు. కండక్టరుగా ఉన్నప్పుడు సీట్లోంచి లేచిన ప్రతిసారీ అలాగే వెనక్కి చూసుకునేది. రూట్లో ఎక్కడా ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటుండేది కాదు. యూనిఫారం ముదురు నీలం రంగు కావడం ఒక్కటే ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం. డ్రైవరు "ఏంటమ్మా, మొహం అలా ఉంది?" అంటే తలనొప్పి అనేది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తలనొప్పి అనే చెప్పింది. ఎవరూ 'తలలో ఏ వైపు' అని అడగలేదు.

*

మధ్యాహ్నం కోడలు ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే ఎదురెళ్ళి మొత్తం చెప్పేసింది. కోడలు చేతిలో ఉన్న రొట్టెల సంచి కింద పెట్టింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"పిల్ల సంచి వెతికారా అత్తయ్యా?"

"వెతికాను."

"అది లేకపోతే దాని పరిస్థితేంటో ఆలోచించారా? అంతమందిలో? అది అలాగే ఏడుస్తూ కూర్చుని ఉంటే?"

"నాకు తెలియలేదే. తెలిస్తే తీస్తానా?"

"తెలిస్తే ఈతే మానిపిస్తారనేగా మేం చెప్పలేదు!"

 నాయనమ్మకి నోటి దాకా సవాలక్ష సమాధానాలొచ్చాయి. నన్ను పరాయిదాన్ని చేశారు అందామనుకుంది. మీరు దాస్తేనేగా నేను వెతికింది అందామనుకుంది. ఆ రెండోది నిజమే కూడా. కానీ కాపలా కుక్క మొరుగుతుందనే కదా పిల్లులు చప్పుడు చెయ్యకుండా నడిచేది.

"నిజమేనమ్మా" అంది చివరికి. "నాకు చెప్పి ఉంటే మానిపించేదాన్నే. మీరు దాచడంలో తప్పులేదు."

కోడలు ఈ మాట ఊహించలేదు. తిట్టడానికి కూడగట్టుకున్నదంతా ఏం చెయ్యాలో తెలియక, రొట్టెల సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నాయనమ్మ ఒక్కతే కొలనుకి వెళ్ళి కోచ్ ముందు నిలబడింది. "మీరు మా పిల్లకి మందు పెడుతున్నారనుకున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. కోచ్ పకపకా నవ్వింది. "అదా! అందుకా అమ్మా, నేనిచ్చిన గ్లూకోజు నీళ్ళు కూడా వాసన చూసి పారబోసేవారు?" నాయనమ్మ నవ్వలేదు. తనకి తెలియనివన్నీ అడిగింది. నీళ్ళలో ఆ బట్ట ఎంతసేపు ఆగుతుంది? మిగతా పిల్లలకి దానివల్ల ఏమైనా అవుతుందా? కోచ్ ఓపిగ్గా చెప్పింది. ఎవరికీ ఏమీ కాదు. ఈత అయిన వెంటనే మార్చేసుకోవాలి, తడిదాంతో కూర్చోకూడదు, చల్లనీళ్ళలో జాడించి నీడలో ఆరెయ్యాలి. ఇంకా పెద్దయ్యాక వేరే రకాలుంటాయి, ఏది కావాలో అప్పుడు తనే చూసుకుంటుంది. ఒంట్లో బాగోలేని రోజున దిగకపోయినా తప్పులేదు.

"మా రోజుల్లో ఇవన్నీ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు మాకు" అంది నాయనమ్మ, వెళ్ళబోతూ.

కప్పపిల్ల మాత్రం అంత తేలిగ్గా కరగలేదు. బస్సులో నాయనమ్మ పక్కన కాకుండా వెనకసీట్లో కూర్చునేది. అడిగినదానికి 'ఊఁ', 'ఊఁహూఁ' తప్ప పలికేది కాదు. నాయనమ్మ బతిమాలలేదు. బతిమాలడం ఆవిడకి రాదు. చాలా రోజులకి ఒకనాడు, భోజనాల దగ్గర, పిల్ల తలెత్తకుండానే అంది.

"నా సంచి నన్నడక్కుండా ఎప్పుడూ తియ్యకూడదు."

"తియ్యను."

"మంచం కింద చూడకూడదు."

"చూడను."

"ప్రామిస్?"

"చూడనన్నానుగా! ఊడ్చేటప్పుడు కనపడితే?"

"కళ్ళు మూసుకుని ఊడ్చు."

కోడలు గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. ఆ మాట నిలబెట్టుకోవడం నాయనమ్మకి ప్రాణం మీదికొచ్చింది. చీపురుతో మంచం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి.

చలికాలం మొదట్లో కొలనులో ఒక కొత్తపిల్ల చేరింది. చేతులు పొడుగు, కాళ్ళు పొడుగు, నీళ్ళని కోసుకుంటూ పోయే ఈత. అది చేరిన వారానికి, ఓ సాయంత్రం సగం ఈతలోనే కప్పపిల్ల నీళ్ళలోంచి లేచి, తువ్వాలు చుట్టుకుని గ్యాలరీ మెట్లెక్కి, నాయనమ్మ పక్కన కూలబడింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా తల తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"పొట్టలో నొప్పిగా ఉంది నాయనమ్మా. మొదలైంది. ఇవాళ ఇంటికెళ్ళిపోదాం."

"పద" అంది నాయనమ్మ. ఏ వైపు నొప్పి అనలేదు. చీర తడిసిపోతున్నా కదలకుండా, పిల్ల వీపు నిమురుతూ కాసేపు కూర్చుంది. తర్వాత పిల్ల వెళ్ళి బట్టలు మార్చుకొచ్చింది. ఇద్దరూ బస్సెక్కారు. పక్కపక్కనే కూర్చున్నారు. రెండు స్టాపులు దాటేదాకా నాయనమ్మ ఉగ్గబట్టుకుంది. ఇక ఆగలేకపోయింది.

"ఒక్కటి అడగనా?"

"అడుగు."

"నిజంగా నొప్పేనా, లేకపోతే ఆ పొడుగుపిల్ల నీకంటే ముందు పోతోందనా?"

కప్పపిల్ల తలెత్తి ఆవిడని చూసింది. కోపగించుకుంటుందేమో అనుకుంది నాయనమ్మ. పిల్ల పెదవి కొరుక్కుని, నవ్వాపుకోలేక, మళ్ళీ ఆవిడ భుజానికి ఆనుకుంది.

"రెండూ" అంది.